తీర రక్షణ: ఖర్చు ఎవరి పద్దులో?

పూరీలో సముద్ర స్నానానికి దిగిన యాత్రికుని చేయి పట్టి అలలు దాటించే నోలియాలను ఎరుగనివారు అరుదు. వారిలో అనేకులు పెంఠకట వాసులు, ఉత్తరాంధ్ర తీరం నుండి తరాల క్రితం వచ్చి స్థిరపడిన తెలుగు మత్స్యకారుల సంతతి. జీతమున్నా లేకున్నా, ఒడ్డున కేక వినబడితే మొదట నీటిలోకి దూకేది వీరే.

ఇక్కడి ప్రమాదానికి ముఖ్య కారణం వెనుదిరిగే నీరు. ఒడ్డున విరిగిన అలల నీరు ఇరుకైన పాయగా కూడి మనిషిని లోపలికి లాగుతుంది. దానికి ఎదురీదినవాడు అలసి మునుగుతాడు. తీరానికి సమాంతరంగా ఈది పాయను తప్పించుకున్నవాడు బయటపడతాడు. ఇదంతా నిమిషాల వ్యవహారం. నడిసముద్రంలో పడవ చిక్కుకుంటే 1554కు ఫోన్ చేయాలి, తీర రక్షక దళం కదులుతుంది. కాని ఆ దళపు జిల్లా కేంద్రం పారాదీప్‌లో ఉన్నది. ఒడ్డుకు చేరువలో కొట్టుకుపోతున్నవానికి పక్కనున్నవాడే దిక్కు. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన గోల్డెన్ బీచ్‌లో ప్రాణరక్షకులు ఉండాలన్నది నియమం. మిగిలిన తీరానికి ఆ నియమం లేదు.

ఇందుకు సొమ్ము ఎక్కడిది? 2021–26 కాలానికి పదిహేనవ ఆర్థిక సంఘం రాష్ట్రాల విపత్తు నిధులకు 1,60,153 కోట్ల రూపాయలు సూచించింది. ఒడిశాలో ఇందులో 75 శాతం కేంద్రానిది, 25 శాతం రాష్ట్రానిది. మొత్తంలో 40 శాతం తక్షణ సహాయానికి, 30 శాతం పునర్నిర్మాణానికి, 20 శాతం ముప్పు తగ్గించే పనులకు పోగా, సన్నద్ధతకు మిగిలేది 10 శాతమే. శిక్షణకైనా, రక్షణ పరికరాలకైనా అడగదగినది ఈ పదవ వంతునే.

కేంద్రం 2021లో 369.41 కోట్లతో 350 జిల్లాలకు విస్తరించిన ఆపద మిత్ర పథకం లక్షమంది స్వచ్ఛంద సేవకులకు ఉద్దేశించినది. 18–40 ఏళ్లవారికి 12 రోజుల శిక్షణ, పరికరాల సంచి, బీమా ఇచ్చారు. మేలైన పథకమే, కాని అది మనిషికి ఇచ్చే సాయం. పడవ, కావలి మంచె ఆ సంచిలో పట్టవు. వాటిని స్థానిక సంస్థల, పర్యాటక శాఖ పద్దులలో వెతకవలసిందే. కొనడానికి డబ్బు ఒకనాటికి దొరకవచ్చు. ఉప్పుగాలికి తుప్పుపట్టే ఇంజనుకు ఏటేటా మరమ్మతు పద్దు రాయించుకోవడమే అసలు కష్టం.

కాపాడబోయినవాడే మునిగిపోతే? నీట మునకను ఒడిశా రాష్ట్ర విపత్తుల జాబితాలో చేర్చింది. విపత్తు నిధి నిబంధనల ప్రకారం మృతుని కుటుంబానికి 4 లక్షల రూపాయలు ఇస్తారు. సహాయ చర్యలలో ప్రాణం కోల్పోయినవారికీ ఇది వర్తిస్తుంది. అయితే మరణ కారణాన్ని తగిన అధికారి ధ్రువీకరించాలి. పేరు ఏ జాబితాలోనూ లేనివాని ఇంటివారు ఆ పత్రం కోసం ఎన్ని గడపలు తొక్కాలో పెంఠకటలో చెప్పనక్కరలేదు. కనుక ఈత వచ్చిన యువకులు కలెక్టరేట్‌లోని విపత్తు విభాగాన్ని ముందే కలిసి, సేవకుల జాబితాలో పేరు చేర్చమని అడగడం మంచిది. జిల్లా కంట్రోల్ రూమ్ నంబరు 1077. ఒడియా రాయడం రానివారు బడిలో ఒడియా చదివే పిల్లలను వెంట తీసుకువెళ్లవచ్చు.