‘అమ్మా, నేనూ అన్‌సోల్డేగా?’ ఐపీఎల్ వేలం పక్కన కూర్చున్న మన పిల్లల గురించి

మొన్న డిసెంబర్ 13, శనివారం రాత్రి. అబుదాబి ముసఫా షాబియాలో మా ఇంట్లో నాలుగు తెలుగు కుటుంబాలు భోజనానికి చేరాం. గుత్తివంకాయ కూర బల్ల మీదకి వచ్చేలోపే మగవాళ్లు వేలంలోకి దిగిపోయారు. మూడు రోజుల్లో ఐపీఎల్ వేలం, అదీ మన ఊళ్లోనే, యాస్ ఐలాండ్ ఎతిహాద్ అరేనాలో. మా ఇంటి నుంచి కారులో అరగంట కూడా పట్టదు. ఇక ఆగుతారా?

ఎదురింటి అన్నయ్యగారు వేళ్లు మడుస్తూ లెక్క చెప్పారు. ‘షమీని లక్నోకి ఇచ్చేశాం. జంపాను, రాహుల్ చాహర్‌ను వదిలేశాం. చేతిలో ఉన్నది 25.50 కోట్లు. ముందు బౌలర్‌ని కొనాలి.’ మా వారు ఒప్పుకోలేదు. ‘పేరున్నవాళ్లు ఎందుకండీ, కుర్రాళ్ల మీద పెట్టాలి.’ సన్‌రైజర్స్ యాజమాన్యం అంతా మా సోఫాలోనే ఉన్నట్టుంది. ఒక్కో పేరూ వచ్చినప్పుడల్లా తీర్పులు. ‘వీడు పనికిరాడు.’ ‘వాడికి ఇరవై లక్షలే ఎక్కువ.’ ‘వీడు వేస్ట్.’ ఆ కుర్రాళ్లలో సగం మందికి ఇరవై ఏళ్లు కూడా లేవు. నేనూ నవ్వాను, అబద్ధం ఎందుకు.

అందరూ వెళ్లిపోయాక గిన్నెలు సర్దుతుంటే మా పెద్దాడు వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. వాడికి పద్నాలుగేళ్లు పూర్తి కాలేదు. నాలుగేళ్లుగా ఇక్కడే ఒక క్రికెట్ అకాడమీలో ఆడుతున్నాడు. అండర్-14 టోర్నమెంట్ జట్టు జాబితా ఆ గురువారమే వచ్చింది, అందులో వాడి పేరు లేదు. అప్పటిదాకా పెద్దగా మాట్లాడనివాడు అప్పుడు అడిగాడు. ‘అమ్మా, నేనూ అన్‌సోల్డేగా?’

ఆ ప్రశ్నకు నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. నేను చదివింది బి.జెడ్.సి. డిగ్రీ, పెళ్లయ్యాక ఉద్యోగం చేయలేదు. కానీ డిగ్రీలో నేర్చుకున్న ఒక అలవాటు పోలేదు. ఏదైనా అంకె కనబడితే, అది దేన్ని కొలుస్తోంది అని అడగటం. మంగళవారం మధ్యాహ్నం పిల్లలకు సెలవులు కావడంతో వాడూ నేనూ కలిసి కూర్చుని వేలం మొత్తం చూశాం. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లోనూ బ్యాటో రాకెట్టో పట్టుకున్న పిల్లలుంటే పనికొస్తుందని.

ధర ఎలా పుడుతుంది?

మా నాన్న గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు వేసుకుని వెళ్లేవారు. ఒకే చేలో కాసిన తేజ మిర్చి, ఒకే ఎండలో ఆరింది. సోమవారం ఒక ధర, గురువారం ఇంకో ధర. కాయ మారలేదు. ఆ రోజు యార్డుకు ఎంత సరుకు వచ్చింది, కొనేవాళ్లు ఎందరు వచ్చారు, వాళ్లకి ఎంత అవసరం ఉంది, ఇవే మారాయి. ఐపీఎల్ వేలం కూడా ఇదే లెక్క.

ఒక్కో జట్టులో గరిష్ఠంగా 25 మంది, అందులో విదేశీయులు 8 మంది. ఈ ఏడాది జట్టు మొత్తానికి పరిమితి 125 కోట్లు. పాతవాళ్లను ఉంచుకోగా మిగిలిన డబ్బుతోనే వేలానికి రావాలి. కోల్‌కతా 64.30 కోట్లతో వచ్చింది, చెన్నై 43.40 కోట్లతో, ముంబై 2.75 కోట్లతో. పది జట్లకూ కలిపి ఉన్న ఖాళీలు 77. జాబితాలో ఉన్న పేర్లు 350కి పైనే. అంటే ఎంత బాగా ఆడినా వందల మంది మిగిలిపోక తప్పదు. అది వాళ్ల ఆట చేసిన నిర్ణయం కాదు, కుర్చీల లెక్క.

ఇప్పుడు ప్రశాంత్ వీర్‌ని చూడండి. ఉత్తరప్రదేశ్ కుర్రాడు, 20 ఏళ్లు, ఎడమచేతి స్పిన్ వేసే ఆల్‌రౌండర్. భారత్ తరఫున ఒక్క మ్యాచ్ ఆడలేదు. కనీస ధర 30 లక్షలు, చివరికి చెన్నై పెట్టింది 14.20 కోట్లు. ఎందుకు? నవంబర్‌లోనే చెన్నై జడేజాను రాజస్థాన్‌కు ఇచ్చి సంజూ శాంసన్‌ను తెచ్చుకుంది. ఎడమచేతి స్పిన్ ఆల్‌రౌండర్ చోటు ఖాళీ అయింది. జేబులో డబ్బుంది. ఎదురుగా మన సన్‌రైజర్స్ వదలకుండా పాడుతూ పోయింది. అవసరం, డబ్బు, పోటీదారు మూడూ ఒకే నిమిషంలో కలిశాయి. జడేజా చెన్నైలోనే ఉండి ఉంటే? అదే కుర్రాడు, అదే ప్రతిభ, ధర మాత్రం ఇంత పలికేది కాదేమో. అదే రోజు చెన్నై 19 ఏళ్ల కీపర్ కార్తీక్ శర్మకూ సరిగ్గా 14.20 కోట్లే పెట్టింది.

ఇంకో ముచ్చట. లియామ్ లివింగ్‌స్టన్ పేరు మొదటిసారి వచ్చినప్పుడు ఒక్కరూ చెయ్యెత్తలేదు. అన్‌సోల్డ్. తర్వాత మళ్లీ పేరు పిలిచినప్పుడు సన్‌రైజర్స్ 13 కోట్లకు కొంది. మధ్యలో ఆయన ఒక్క బంతి కూడా ఆడలేదు! మా వాడు దీనికి బాగా నవ్వాడు. ‘పొద్దున సున్నా, సాయంత్రం పదమూడు కోట్లా’ అని. అవును నాన్నా, అన్‌సోల్డ్ అంటే ‘ఈ నిమిషంలో ఎవరూ అడగలేదు’ అని మాత్రమే. అంతకు మించి దానికి అర్థం లేదు.

దుబాయ్‌లో జరిగిన తికమక

సరిగ్గా రెండేళ్ల కిందట, 2023 డిసెంబర్ 19న, ఇదే దేశంలో దుబాయ్ కోకా-కోలా అరేనాలో వేలం జరిగింది. శశాంక్ సింగ్ అనే ఆటగాడిని పంజాబ్ 20 లక్షల కనీస ధరకు కొంది. సుత్తి పడ్డాక, మేం అనుకున్నది ఇతను కాదన్నట్టు వాళ్ల బల్ల దగ్గర తికమక కనిపించింది. జాబితాలో అదే పేరున్నవాళ్లు ఇద్దరు ఉన్నారని, తమకు కావలసింది ఇతనేనని జట్టు తర్వాత చెప్పుకుంది. 2024 సీజన్‌లో ఆ శశాంకే 354 పరుగులు చేశాడు. ఆ ఏడాది చివర పంజాబ్ అతన్ని 5.50 కోట్లిచ్చి అట్టిపెట్టుకుంది.

అదే దుబాయ్ వేలంలో సమీర్ రిజ్వీకి చెన్నై 8.40 కోట్లు, కుమార్ కుశాగ్రకు ఢిల్లీ 7.20 కోట్లు పెట్టాయి. మరుసటి వేలంలో రిజ్వీ ధర 95 లక్షలు, కుశాగ్రది 65 లక్షలు. ఏడాదిలో ఆట పది వంతులకు పడిపోతుందా? పడిపోదు. 95 లక్షల రిజ్వీయే 2025 మేలో పంజాబ్ మీద 58 పరుగులతో అజేయంగా నిలిచి ఢిల్లీని గెలిపించాడు.

మనవాళ్ల సంగతి

2022 డిసెంబర్‌లో కొచ్చిలో జరిగిన వేలంలో విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని సన్‌రైజర్స్ 20 లక్షలకు తీసుకుంది. కనీస ధరకే పోయాడంటే పోటీగా ఇంకెవరూ పాడలేదనే. మొదటి సీజన్‌లో రెండు మ్యాచ్‌లే ఆడాడు. రెండో సీజన్‌లో 303 పరుగులు చేసి ఎమర్జింగ్ ప్లేయర్ అయ్యాడు. ధర 6 కోట్లయింది. 2024 డిసెంబర్‌లో మెల్‌బోర్న్ టెస్టులో ఎనిమిదో స్థానంలో దిగి సెంచరీ కొట్టాడు.

హైదరాబాద్ తిలక్ వర్మ ఎలక్ట్రీషియన్ గారి అబ్బాయి. 2022లో ముంబై 1.70 కోట్లకు కొంది, మొదటి ఏడాదే 397 పరుగులు చేశాడు. 2025 సెప్టెంబర్ 28న దుబాయ్‌లో ఆసియా కప్ ఫైనల్ మనలో ఎంతమంది స్టేడియంలో చూశారో! పాకిస్తాన్ మీద 20 పరుగులకే మూడు వికెట్లు పడ్డాక, 69 పరుగులతో చివరిదాకా నిలబడింది అతనే.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఇలాంటి కథలు చెప్పి ‘చూశావా, నువ్వూ అవుతావు’ అనడం నిజాయితీ కాదు. 20 లక్షలకు కొన్నవాళ్లలో మనకు పేర్లు తెలిసింది పైకి వచ్చినవాళ్లవే. రానివాళ్లు చాలామంది, వాళ్ల పేర్లు మనకు గుర్తుండవు. కాబట్టి నితీశ్ కథ మా వాడికి ఇచ్చే హామీ కాదు. తక్కువ ధర భవిష్యత్తును చెప్పదు, ఎక్కువ ధరా చెప్పదు. అంతవరకే.

ఆస్ట్రేలియాలో ఇంకో పద్ధతి

మెల్‌బోర్న్‌లో ఉండే మా పిన్ని కూతురికి ఫోన్‌లో ఇదంతా చెబితే, అక్కడా ఏటా నవంబర్‌లో ఇదే గోల అంది. వాళ్ల ఫుట్‌బాల్ వేరు. కోడిగుడ్డు ఆకారం బంతి, కాలితోనూ చేతితోనూ ఆడతారు. ఆ లీగ్ పేరు ఏఎఫ్‌ఎల్. అక్కడ పిల్లలను వేలం వేయరు, వరసగా ఎంచుకుంటారు. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. 1986 నుంచి ఉంది. కిందటి సీజన్‌లో అట్టడుగున ఉన్న జట్టుకే మొదటి ఎంపిక, అంటే బలహీనుడికి ముందు వడ్డన. ఆ ఏడాది డిసెంబర్ 31 లోపు 18 నిండే పిల్లలు అర్హులు. డబ్బు పాట ఉండదు గానీ అంకె ఉంటుంది. ‘నంబర్ 1 ఎంపిక’, ‘నంబర్ 40 ఎంపిక’ అని ఆ అంకె ఏళ్ల తరబడి కుర్రాడి పేరు పక్కనే నడుస్తుంది. అక్కడి ఇళ్లలోనూ ఏ కుర్రాణ్ణి తీసుకోవాలని ఇలాగే వాదించుకుంటారట.

ఆ అంకెకూ ఇదే గతి. జేమ్స్ హర్డ్ అనే ఆటగాడిని 1990 డ్రాఫ్ట్‌లో ఎసెండన్ క్లబ్ 79వ ఎంపికగా తీసుకుంది. అంటే అతనికంటే ముందు 78 మంది. 1996లో లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్ అందుకున్నవారిలో అతనొకడు. పద్ధతి వేలమైనా వరసైనా, ఆ వయసు పిల్లల్ని ముందే కొలవడం అంత సులువు కాదు.

ఎందుకు కాదంటే

ఇది నా సబ్జెక్టు కాబట్టి కొంచెం చెబుతాను. మగపిల్లలు ఒక్కసారిగా ఎత్తు పెరిగే దశ సగటున 13, 14 ఏళ్ల మధ్య వస్తుంది. కొందరికి ఏడాది ముందే వస్తుంది, కొందరికి ఏడాది ఆలస్యం. కాబట్టి ఒకే తరగతిలో ఉన్న ఇద్దరు పద్నాలుగేళ్ల పిల్లల శరీరాల మధ్య రెండేళ్ల తేడా ఉండొచ్చు. ముందు ఎదిగినవాడి బంతి వేగంగా వస్తుంది, సిక్సర్ దూరం వెళ్తుంది. చూసేవాళ్లకు అది ప్రతిభలా కనబడుతుంది. అందుకే బీసీసీఐ అండర్-16 పిల్లలకు ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తుంది. పుట్టినరోజు కాగితం ఒకటి చెబుతుంది, ఎముక ఇంకొకటి చెబుతుంది.

పుట్టిన నెల కూడా చిన్న విషయం కాదు. భారత్‌లో జూనియర్ క్రికెట్ వయసును సెప్టెంబర్ 1 నుంచి లెక్కిస్తారు, మా వాడి అకాడమీలోనూ అంతే. సెప్టెంబర్‌లో పుట్టినవాడు ఆ జట్టులో అందరికంటే పెద్ద. ఆగస్టులో పుట్టినవాడు అందరికంటే చిన్న, దాదాపు ఏడాది తేడా. చాలా ఆటల్లో, చాలా దేశాల్లో, జూనియర్ జట్లు చూస్తే లెక్క మొదలైన తొలి నెలల్లో పుట్టిన పిల్లలే ఎక్కువగా ఉంటారని పరిశోధకులు ఎప్పుడో గమనించారు. మా వాడు ఆగస్టు 27న పుట్టాడు. ఈ సంగతి నాకు నాలుగేళ్లుగా తట్టలేదు. తట్టి ఉంటే ‘ఇంకా గట్టిగా కొట్టు’ అని అన్నిసార్లు అనేదాన్ని కాదు.

ఇది సాకు కాదు. ఆ జట్టులో ఎంపికైన పిల్లలూ కష్టపడ్డారు. కోచ్ తన ముందున్న టోర్నమెంట్ కోసం జట్టు కట్టాడు, చెన్నై తన ఖాళీ కోసం కొన్నట్టే. అందులో తప్పేమీ లేదు. కానీ అది ఆ టోర్నమెంట్‌కు సంబంధించిన జవాబు, పిల్లాడి మీద తీర్పు కాదు.

మా ఇంట్లో ఇప్పుడు

ఆ వారంలోనే కోచ్ దగ్గరకి వెళ్లాం. ‘ఎందుకు తీసుకోలేదు’ అని అడగలేదు. మూడు ప్రశ్నలు అడగమని మా వాడికే చెప్పాను. ఈ జట్టుకు ఏ పని చేసేవాడు కావాలి? నేను ఇప్పుడు ఏం బాగా చేస్తున్నాను? మూడు నెలల్లో ఏది మెరుగుపడాలి? ‘కీపింగ్‌లో చేతులు బాగున్నాయి. స్పిన్ ఆడేటప్పుడు కాలు కదలడం లేదు’ అన్నాడాయన. జాబితాలో పేరు లేదని తెలిసిన గురువారం కంటే ఈ రెండు వాక్యాల్లో మాకు ఎక్కువ సమాచారం ఉంది.

రెండోది పెద్దవాళ్లం మాకు మేం పెట్టుకున్న నియమం. పిల్లలు గదిలో ఉండగా ఏ కుర్రాణ్ణీ ‘వేస్ట్’ అనకూడదు. వాదించుకోవచ్చు, కావలసినంత. కానీ ‘మన జట్టుకు ఇప్పుడు ఇతను ఎందుకు సరిపోడు’ అని కారణం చెప్పాలి. ఎదురింటి అన్నయ్యగారికి మొదట కష్టమైంది. తర్వాత ఆయనే మా వారిని పట్టుకుని ‘కారణం చెప్పవయ్యా’ అంటున్నారు.

మూడోది, ఆట ఎందుకు ఆడుతున్నాడో గుర్తుంచుకోవడం. ఇక్కడ 2023 జనవరిలో మొదలైన ఐఎల్‌టీ20 ఉంది, అందులో యూఏఈ ఆటగాళ్లకు చోటుంది. మూడేళ్లు నివాసం ఉంటే ఈ దేశం తరఫున ఆడే అర్హత కూడా వస్తుంది. దారులు లేవని కాదు. కానీ ముసఫా ఎండలో నాలుగేళ్లు నెట్స్‌కి వెళ్లిన పిల్లాడు ఆ దారులేవీ పట్టకపోయినా వాడి నాలుగేళ్లు వృథా కావు. ఆ మాట వాడికంటే ముందు నేను నమ్మాలి.

మంగళవారం రాత్రి వేలం అయ్యాక మా వాడి నోట్‌బుక్ చూశాను. కొన్నవాళ్ల ధరలన్నీ రాసుకున్నాడు. ప్రతి ధర పక్కన ‘ఎవరు పోటీ పడ్డారు’, ‘ఏ ఖాళీ కోసం’ అని రెండు గడులు గీశాడు. చివరి పేజీలో తన పేరు రాసుకున్నాడు. ధర గడి ఖాళీగా వదిలేశాడు. పక్కన మాత్రం రాసుకున్నాడు, ‘స్పిన్‌కి కాలు కదలాలి’ అని.

శనివారం ఉదయం ఆరున్నరకి నెట్స్ ఉన్నాయి. అలారం వాడే పెట్టుకున్నాడు.