నవజాత శిశువుల్లో అన్నవాహిక లోపం: పరిమిత వనరులతో తొలి నిర్ధారణ

ఉపోద్ఘాతం:
పసిపిల్లల నోటివెంట కారే లాలాజలాన్ని తెలుగులో 'చొంగ' అంటారు. తెలంగాణ వాడుకలో 'సొల్లు' అనే మాటా ఉంది. మూడు నాలుగు నెలల పిల్లల్లో ఇది సహజం. పుట్టిన తొలి గంటల్లోనే నోట నురగ, తుడిచినకొద్దీ ఊరుతూ ఉంటే అది శిశువు మింగలేకపోతున్నదనడానికి సూచన కావచ్చు. రెండింటినీ ఒకే మాటతో పిలిచినప్పుడు ప్రమాద సూచన సాధారణ విషయంగా తోస్తుంది.

లోప స్వరూపం:
పిండదశలో అన్నవాహిక, వాయునాళం ఒకే మూలం నుంచి ఏర్పడతాయి. ఆ విభజన సక్రమంగా జరగకపోతే అన్నవాహిక మధ్యలో తెగి, పై భాగం మూసుకుపోయిన సంచిలా మిగులుతుంది. వైద్యులు దీనిని ఈసోఫేజియల్ అట్రీషియా అంటారు. సుమారు 2,500 నుంచి 4,500 జననాలకు ఒకరిలో ఇది కనిపిస్తుంది. వీరిలో దాదాపు 85 శాతం మందికి అన్నవాహిక కింది భాగం వాయునాళంతో కలిసి ఉంటుంది. పట్టిన పాలు పై సంచి నిండి ఊపిరితిత్తుల్లోకి పొర్లుతాయి. జీర్ణాశయంలోని ఆమ్లం కింది మార్గం గుండా అక్కడికే చేరుతుంది. 1941లో అమెరికా వైద్యుడు కామెరాన్ హైట్ తెగిన రెండు కొనలను నేరుగా కలిపే శస్త్రచికిత్సను తొలిసారి విజయవంతంగా చేశాడు.

నిర్ధారణ విధానం:
గర్భిణిలో ఉమ్మనీరు అధికంగా ఉండటం తొలి సూచన కావచ్చు. ప్రసవానంతరం నురగ, పాలు పట్టగానే ఉక్కిరిబిక్కిరి కావడం, శరీరం నీలిబారడం గమనించవలసిన లక్షణాలు. అనుమానం కలిగిన వెంటనే కాస్త బిరుసైన సన్నని గొట్టాన్ని నోటి ద్వారా పంపాలి. లోపం ఉంటే అది సాధారణంగా చిగుళ్ల నుంచి 10 సెంటీమీటర్ల వద్ద ఆగిపోతుంది. మెత్తని గొట్టమైతే పై సంచిలోనే చుట్టుకొని, లోపలికి వెళ్లిందన్న భ్రమ కలిగిస్తుంది. గొట్టాన్ని అలాగే ఉంచి ఛాతీకి, పొట్టకు ఎక్స్-రే తీస్తే అది ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. పొట్టలో గాలి కనిపిస్తే కింది భాగం వాయునాళంతో కలిసిందని అర్థం. అన్నవాహిక తెగకుండా, వాయునాళంతో కలిపే మార్గం మాత్రమే ఉన్న అరుదైన రకంలో గొట్టం సాఫీగా వెళ్తుంది. అక్కడ ఈ పరీక్ష చాలదు.

కార్వాన్ సందర్భం:
1953లో నెలకొన్న నీలోఫర్ పిల్లల ఆసుపత్రి హైదరాబాదు పాతబస్తీలోని కార్వాన్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉంది. ఇటువంటి ప్రాంతంలో దూరం కన్నా గుర్తింపులో జాప్యమే పెద్ద అవరోధం కాగలదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పేర్కొన్న జన్మలోపాల జాబితాలో గ్రహణమొర్రి, వంకర పాదం వంటివి ఉన్నాయి, అన్నవాహిక లోపం లేదు. కాబట్టి దీనిని పసిగట్టే బాధ్యత ప్రధానంగా ప్రసవ గది సిబ్బందిపైనే పడుతుంది. ముస్లిం కుటుంబాల్లో ఖర్జూరపు గుజ్జును అంగిలికి రాసే తహ్నీక్, తెలుగు ఇళ్లలో తేనె, ఆముదం నాకించడం తొలి గంటల ఆచారాలు. నురగ కనిపించిన బిడ్డకు ఇవేవీ, తల్లిపాలు సైతం, పరీక్ష పూర్తయ్యేవరకు పట్టకూడదు. లోపం తేలితే తల ఎత్తుగా ఉంచి, లాలాజలాన్ని తీస్తూ, వెచ్చగా ఉంచి తరలించాలి.

ముగింపు:
74 దేశాల్లోని 264 ఆసుపత్రుల్లో జరిగి, 2021లో లాన్సెట్ పత్రికలో వెలువడిన అధ్యయనం ప్రకారం పుట్టుకతో వచ్చే జీర్ణవ్యవస్థ లోపాల మరణాలు అధికాదాయ దేశాల్లో 5.6 శాతం, మధ్యాదాయ దేశాల్లో 20.4 శాతం, అల్పాదాయ దేశాల్లో 39.8 శాతం. ఈ అంతరానికి అనేక కారణాలున్నా, తొలి పాలకు ముందే జరిగే నిర్ధారణకు ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. 'మొదటిరోజు నురగ చొంగ కాదు' అన్న మాట తెలుగులోనూ, దక్కనీ ఉర్దూలోనూ తల్లులకు, ఆశా కార్యకర్తలకు చేరడం అందుకు తొలి మెట్టు.