డ్రోన్ ఎగరేసినవాడి పేరుంది, పాడినామె పేరేది?

పల్నాడులో ఎత్తిపోతల దగ్గర చంద్రవంక ఏరు డెబ్భై అడుగుల ఎత్తునుంచి దూకుతుంది. ఏరు నిండుగా ఉన్న రోజుల్లో అక్కడ ఫోన్లు ఎత్తి పట్టుకునేవాళ్ళకు కొదవుండదు. ఆ వీడియోల వెనక మోగే పాట ఏ బరాత్‌లోనో విన్న ఫోక్ సాంగో, ఏ ఊళ్ళోనో ఒక గదిలో కూర్చుని కుర్రాళ్ళు కట్టిన డీజే ముక్కో అయ్యుంటుంది. సినిమావాళ్ళ ప్రమేయం లేకుండా పుట్టి ఊరూరా పాకే ఈ పాటల మీద పెద్దల ఫిర్యాదు ఒకటే: సాహిత్యం లేదు, సంగీతం లేదు, నాలుగు రోజుల మోజు. ఆ ఫిర్యాదు గురి తప్పిందని నా అభిప్రాయం. ఈ పాటలతో వచ్చిన చిక్కు నాణ్యతది కాదు, లెక్కది. ఎవరు పాడారు, ఎవరి నోటినుంచి ఎవరి ఫోన్లోకి ఎక్కింది, వచ్చిన డబ్బు ఎటు పోయింది అన్న లెక్క.

2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక పల్లెల్లో పాట చేసుకోవడం చేతికందే పనైంది. గోడకు దుప్పటి కట్టి, ఒక మైకు పెట్టి గొంతు రికార్డు చేసుకుంటారు. డప్పు దరువు లూపుల్లో దొరుకుతుంది. డాన్సు పొలంగట్టు మీదే. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించినా ఈ ఉరవడి ఆగలేదు, రీల్సులోకి, షార్ట్స్‌లోకి మళ్ళింది. 2021 ఆగస్టులో మంచిర్యాలలో ఒక పెళ్ళికూతురు బరాత్‌లో ఆడేసరికి ‘బుల్లెట్టు బండి’ రాష్ట్రాలు దాటింది. 2025లో రాము రాథోడ్ ‘రాను బొంబాయికి రాను’ కోట్లమంది చూశారు. మొదటి పాట పాడిన మోహన భోగరాజు పేరు చాలామందికి తెలుసు. రాసిన లక్ష్మణ్ పేరు ఆ పాటకు ఆడినవాళ్ళలో ఎందరికి తెలుసో!

నాణ్యత మాట తేల్చేద్దాం. ఒకే మాట మళ్ళీమళ్ళీ తిప్పుతారని ఈ పాటలను వెక్కిరించేవారు కోలాటం పాటను తీరిగ్గా విన్నట్టు లేరు. పదిమంది కలిసి అడుగేయడానికి కట్టిన పాటలో తిరిగివచ్చే పల్లవి లోపం కాదు, దాని పనే అది. పల్నాడుకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. కారెంపూడిలో కార్తీక అమావాస్యకు వీరుల ఉత్సవాలు జరుగుతాయి. పల్నాటి వీరుల కథను పాడే వీరవిద్యావంతులకు ఆ కథ అచ్చు పుస్తకంలోంచి రాలేదు, పెద్దల నోటినుంచి వచ్చింది. ఈ కథ మీద అమెరికన్ పండితుడు జీన్ రోఘేర్ రాసిన గ్రంథం 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి వెలువడింది. అందులో పాడినవారి పేరు స్పష్టంగా ఉంది: అలిశెట్టి గాలెయ్య. కథ జాతి సొత్తే అయినా ఆ పాఠం ఫలానా గాయకుడిదని నమోదైంది. టేపు చుట్టల కాలంలో సాధ్యమైన ఈ చిన్న పని, ప్రతి నిమిషాన్నీ దాచిపెట్టే ఫోన్ల కాలంలో తప్పిపోతోంది.

ఎలా తప్పిపోతోందో చూడండి. మిరపకోతల్లో ఒకామె పాడుతుంటే ఎవరో వీడియో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారనుకుందాం. ఆ ధ్వనికి ‘ఒరిజినల్ ఆడియో’ అని ముద్రపడి, పక్కన వీడియో పెట్టినవాడి ఖాతా పేరు చేరుతుంది. నచ్చినవాళ్ళు ఆ ఆడియోను తమ వీడియోకు తగిలించుకుంటారు; అక్కడితో గొంతుకూ ముఖానికీ తెగతెంపులు. 2018లో వడిసలేరు గ్రామానికి చెందిన పసల బేబి పాడిన పాట పక్కవాళ్ళ ఫోన్లోంచి పాకి ఆమెను చిరంజీవి ఇంటిదాకా తీసుకెళ్ళిందంటే, ఆ వీడియోలో ముఖం ఉంది కాబట్టే. యూట్యూబులో దొంగ కాపీలను పట్టే కంటెంట్ ఐడీ ఉంది గానీ, అది పెద్దఎత్తున హక్కులున్న కంపెనీల చేతికే నేరుగా అందుతుంది. ఇక ఈ పాటల కింద ఉండే వివరాల పెట్టె తెరిస్తే కెమెరా, ఎడిటింగ్, డీఐ, డ్రోన్ అంటూ వరసగా పేర్లుంటాయి. సాహిత్యం దగ్గరికొచ్చేసరికి ‘జానపదం’ అన్న ఒక్క మాటతో సరి.

జానపదానికి యజమాని ఎవరయ్యా, ఎవరి పేరని రాయాలి అన్నది అందరూ అడిగేదే. పాత బాణీకి యజమాని లేడన్నమాట నిజం. కానీ బాణీ వేరు, దాన్ని పాడిన పాట వేరు. కాపీరైటు చట్టంలో 2012 సవరణతో చేరిన 38బి సెక్షన్, ఈ ప్రదర్శన నాదని గుర్తించండని అడిగే హక్కు ప్రదర్శకులకు ఇచ్చింది. సినిమా గాయకులకే అని ఎక్కడా లేదు. 2021లో ‘లవ్ స్టోరీ’ సినిమాలో ‘సారంగ దరియా’ వచ్చినప్పుడు, ఈ పాటను తాను ముందే వెలుగులోకి తెచ్చానని, తన పేరేదని జానపద గాయని కోమలి అడిగారు. ఆమెకు పేరూ పారితోషికమూ ఇస్తామని దర్శకుడు శేఖర్ కమ్ముల ప్రకటించారు. అడిగితే దొరికింది. టీవీ కార్యక్రమంలో పాడిన సాక్ష్యం ఉంది కాబట్టి ఆమె అడగగలిగారు కూడా.

పేరు రావడమే పెద్ద బహుమానం కదా, ఇంకా డబ్బెందుకు అనేవారున్నారు. పశ్చిమ బెంగాల్‌లో పల్లీలమ్ముకునే భువన్ బాద్యకర్ ‘కచ్చా బాదం’ పాటకు దేశమంతా చిందేసిన తర్వాతే, 2022లో ఒక సంగీత కంపెనీ ఆయనకు మూడు లక్షల రూపాయలు ఇచ్చేందుకు ముందుకొచ్చింది. అప్పటికి ఆ పాట మీద ఎన్ని ఖాతాలు పండాయో ఊహించుకోవచ్చు.

వీటన్నిటికంటే బరువైన అభ్యంతరం ఒకటుంది. పేరు బయటపడటం ఇష్టంలేని ఆడవాళ్ళు ఉంటారు. మాచర్ల చుట్టూ ఉన్న తండాల సంగతే తీసుకుంటే, అక్కడి లంబాడీల భాష గోర్ బోలీకి సొంత లిపి లేదు, ఆ పాటలు మోసేది ముఖ్యంగా ఆడవాళ్ళ గొంతులే. ‘నెట్‌లో నా పేరొద్దు’ అని ఒకామె అంటే ఆ మాటకు కట్టుబడాల్సిందే. అయితే పేరొద్దన్న మాటకు డబ్బొద్దని అర్థం తీసే హక్కు ఫోన్ పట్టుకున్న కుర్రాడికి లేదు. పేరు రాయకుండా తండా పేరు రాయొచ్చు. యాడ్ల మీద వచ్చేదాంట్లో ఆమెకెంతో రికార్డింగుకు ముందే తేల్చి, ఆమె సరేనన్న మాటను అదే ఫోన్లో ఆమె గొంతుతోనే దాచొచ్చు. డ్రోన్ అద్దెకైతే ముందే బేరమాడుతున్నారు కదా.