గాడ్జిల్లా ఒంటి మీద ఆ మచ్చలు ఎక్కడివి?

2021లో ‘గాడ్జిల్లా వర్సెస్ కాంగ్’ తెలుగు, తమిళ, హిందీ డబ్బింగులతో మన థియేటర్లకు వచ్చింది. ఆ సినిమా చూసిన పిల్లలకు గాడ్జిల్లా అంటే పెద్ద కోతితో కుస్తీ పట్టే బల్లి. కానీ 1954 నవంబర్ 3న జపాన్‌లో విడుదలైన మొదటి ‘గోజిరా’లో కుస్తీలు లేవు. అది ఊళ్లకు ఊళ్లు కాలిపోవడం గురించి, అలా కాలడాన్ని కళ్లారా చూసినవాళ్ల కోసం తీసిన సినిమా.

ఆ ఏడాది మార్చి 1న పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవుల దగ్గర అమెరికా హైడ్రోజన్ బాంబును పరీక్షించింది. దాని శక్తి 15 మెగాటన్నులు, అంటే హిరోషిమా బాంబుకు సుమారు వెయ్యి రెట్లు. ప్రమాద ప్రాంతంగా ప్రకటించిన హద్దుకు బయటే ఉన్న ‘దైగో ఫుకుర్యు మారు’ అనే జపాన్ చేపల పడవ మీద తెల్లటి బూడిద కురిసింది. అందులోని 23 మందికీ రేడియేషన్ జబ్బు చేసింది. రేడియో ఆపరేటర్ ఐకిచి కుబోయామా సెప్టెంబర్ 23న చనిపోయాడు. ఆరు వారాలు తిరగకముందే గోజిరా తెరమీదికి వచ్చింది. సినిమా మొదలయ్యేది కూడా ఓడతోనే: డెక్ మీద సేద తీరుతున్న నావికులు, సముద్రంలోంచి కళ్లు చెదిరే వెలుగు, ఆ వెంటనే మంటలు. జపాన్ ప్రేక్షకులకు ఇంక విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

దర్శకుడు ఇషిరో హోండా చైనాలో సైనికుడిగా ఏళ్లు గడిపినవాడు. యుద్ధం ముగిశాక ఇంటికొస్తూ శిథిలమైన హిరోషిమా మీదుగా ప్రయాణించాడు. అందుకేనేమో, ఆయన కెమెరా మృగం మీద కంటే దాని కాళ్ల కింద ఉన్నవాళ్ల మీద ఎక్కువసేపు నిలుస్తుంది. రైల్లో ఒకామె నాగసాకి నుంచి ప్రాణాలతో బయటపడ్డానని మామూలుగా అనేస్తుంది. మంటల మధ్య ఒక తల్లి, త్వరలోనే నాన్న దగ్గరికి వెళ్లిపోతామని బిడ్డలకు చెబుతుంది. ఆసుపత్రిలో చిన్నపిల్ల దగ్గర పెట్టిన గైగర్ కౌంటర్ టిక్కుటిక్కుమంటుంది. గోజిరా కూడా బాధితురాలే. సముద్రగర్భంలో ఉన్న దాన్ని బాంబు పరీక్షలే బయటికి తరిమాయి. గరుకైన దాని చర్మం అణుబాంబు నుంచి బతికినవాళ్ల ఒంటి మీది కీలాయిడ్ మచ్చలను గుర్తుచేస్తుంది.

నా దృష్టిలో సినిమాకు గుండెకాయ డాక్టర్ సెరిజావా పాత్ర. యుద్ధంలో ఒక కన్ను పోగొట్టుకున్న శాస్త్రవేత్త అతను. నీటిలోని ఆక్సిజన్‌ను నాశనం చేసి ప్రాణులను చంపే పదార్థం ఒకటి కనిపెడతాడు. దాన్ని వాడితే గోజిరా చస్తుంది. కానీ ఒక్కసారి వాడితే ప్రభుత్వాలు దాన్ని తన చేత ఆయుధంగా చేయించుకుంటాయని అతని భయం. చివరికి కాగితాలన్నీ తగలబెట్టి, సముద్రం అడుగుకు దిగి, పని పూర్తిచేసి, తన గాలిగొట్టాన్ని తానే కోసుకుంటాడు. కాగితాలు కాలిస్తే సరిపోదు, తెలివి తలలో కూడా మిగలకూడదని అతని లెక్క.

ఒక లోటు చెప్పక తప్పదు. జపాన్ పడ్డ బాధ ఇందులో ఉంది, జపాన్ సైన్యం చైనాలో, కొరియాలో పెట్టిన బాధ లేదు.

1956లో అమెరికాలో విడుదల చేసినప్పుడు రేమండ్ బర్ అనే నటుడితో కొత్త సన్నివేశాలు తీసి అతికించారు, పాతవి చాలా కోసేశారు. నాగసాకి మాట పోయింది. పరీక్షలు ఇలాగే సాగితే మరో గోజిరా రావచ్చని ముసలి ప్రొఫెసర్ యమానే చివర్లో చేసే హెచ్చరికా పోయింది. బాంబు వేసిన దేశానికి చేరేసరికి అది ఒట్టి మృగం కథ అయింది. ఆ తర్వాత చాలా దేశాలు చూసింది ఆ ప్రతినే. ఇప్పుడు రెండూ దొరుకుతున్నాయి. చూడాలనుకుంటే నిడివి గమనించండి: జపాన్‌ది 96 నిమిషాలు, అమెరికాది 80.