కాడ్ చేప తోలు, మానని పుండు

ఐస్లాండ్ దేశానికి వాయవ్య మూల, ఆర్కిటిక్ వృత్తానికి కాస్త కిందుగా, ఈసాఫ్యోర్దుర్ అనే చేపల రేవు ఉంది. జనాభా సుమారు 2,700. చుట్టూ నిటారు కొండలు, వాటి మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, ఆ పాయలోకి పొడుచుకొచ్చిన దిబ్బ మీద ఊరు. నవంబరు చివర్లో సూర్యుడు కొండల చాటుకు వెళ్లాడంటే దాదాపు రెండు నెలలు వీధుల్లో ఎండ పడదు. పగటిపూట కొద్ది గంటలు వెలుతురు మాత్రం ఉంటుంది. జనవరి 25 ప్రాంతంలో తొలి ఎండ పొడ వీధిలో పడిన రోజున ఇళ్లలో, ఆఫీసుల్లో పల్చటి తీపి అట్లు పోసుకుని, కాఫీ తాగి పండగ చేసుకుంటారు. ఆ పండగ పేరే ‘సూర్యుడి కాఫీ’.

ఈ ఊరిని నిలబెట్టింది కాడ్ చేప. 18వ శతాబ్దంలో వర్తకులు కట్టిన చెక్క గోదాములు రేవులో ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటిలో ఒకటి మ్యూజియం, ఇంకొకటి చేపల భోజనశాల. ఒకప్పుడు కాడ్‌ను చీల్చి, ఉప్పు పట్టించి, రాళ్లు పరిచిన నేల మీద ఎండబెట్టి స్పెయిన్ దాకా పంపేవారు. ఆ ఎండబెట్టే పనిలో ఎక్కువగా ఆడవాళ్లే ఉండేవారు. కొత్తదాన్ని పట్టుకోవడంలోనూ ఈ ఊరు వెనకబడలేదు. ఐస్లాండ్‌లో మొట్టమొదట చేపల పడవకు ఇంజను బిగించింది ఇక్కడే, 1902లో. ఆ పడవ పేరు స్టాన్లీ.

తర్వాత గడ్డు రోజులు వచ్చాయి. చేపల నిల్వలు తరిగిపోకుండా ప్రభుత్వం 1984లో వేటకు పరిమితులు పెట్టి, ఒక్కో పడవకు వాటా పంచింది. 1990 నాటి చట్టంతో ఆ వాటాలను అమ్ముకునే వీలు పూర్తిగా వచ్చింది. వాటాలు పెద్ద సంస్థల చేతుల్లోకి చేరేకొద్దీ చిన్న రేవుల్లో పని తగ్గింది, కుర్రకారు రాజధాని రేక్యవిక్ దారి పట్టింది. 1995లో పక్క ఊళ్లు సూదావిక్, ఫ్లాతేరిల మీద మంచు చరియలు విరుచుకుపడి 34 మంది చనిపోయారు. ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకునే చోట ఇది ఎంతటి దెబ్బో ఊహించవచ్చు. మరుసటి ఏడాది కొండలను తొలిచిన సొరంగం తెరుచుకున్నాక చలికాలంలో ఊళ్ల మధ్య రాకపోకలు సులువయ్యాయి. 2004 నుంచి ఏటా ఈస్టర్ రోజుల్లో ఊరే ఒక సంగీతోత్సవం నడుపుతోంది. దానికి టికెట్టు లేదు, ఎవరైనా రావచ్చు.

కెరేసిస్ కంపెనీ మొదలైంది ఇలాంటి ఊళ్లో. రసాయన శాస్త్రం చదివిన గుడ్‌ముండుర్ ఫెర్ట్రమ్ సిగుర్యోన్సన్, ఆయనతో చేరిన వైద్యులు వేసుకున్న ప్రశ్న సూటిది: మాంసం కోసుకున్నాక చవగ్గా పోయే కాడ్ తోలుతో మానని పుండును మాన్పలేమా?

పుండు ఎందుకు మానదో ముందు చూద్దాం. చర్మం అంటే కణాలు మాత్రమే కాదు. ఆ కణాలకు ఆధారంగా కొల్లాజెన్ వంటి ప్రొటీన్లతో అల్లిన జాలకం ఒకటి ఉంటుంది. గాయమైతే కొత్త కణాలు ఆ జాలకాన్ని పట్టుకునే పాకుతూ ఖాళీని పూడ్చాలి. మధుమేహం ముదిరినవారి కాలిలో నరాలు మొద్దుబారి దెబ్బ తెలియదు, సన్నటి రక్తనాళాలు దెబ్బతిని రక్తం సరిగా అందదు. వాపు తగ్గక, అక్కడ ఊరే ఎంజైములు కొత్తగా అల్లుకుంటున్న జాలకాన్ని కొరికేస్తుంటాయి. పందిరి లేని సొరపాదులా కణాలు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. చివరకు వేలో, పాదమో తీసేయాల్సి వస్తుంది. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో తేల్చింది. కాబట్టి ఈ సంగతి ఐస్లాండ్ వారికే పరిమితం కాదు.

బయటి నుంచి జాలకం తెచ్చి పుండులో పరచడం అంతకుముందే ఉంది. అయితే దాన్ని ఎక్కువగా పంది, ఆవు కణజాలం నుంచో, దానమిచ్చిన మనిషి కణజాలం నుంచో తీసేవారు. క్షీరదాల నుంచి మనిషికి వైరస్‌లు సోకే ప్రమాదం ఉంటుంది గనుక ఆ కణజాలాన్ని ఘాటైన రసాయనాలతో శుద్ధి చేయాలి. ఆ శుద్ధిలో కొవ్వులు పోతాయి, జాలకం సహజ నిర్మాణమూ చాలావరకు దెబ్బతింటుంది. కాడ్ బతికేది చల్లటి నీళ్లలో. ఆ చలికి అలవాటుపడిన వైరస్‌లు 37 డిగ్రీల మనిషి ఒంట్లో బతకలేవు. అందుకే ఈ తోలును మృదువుగా శుద్ధి చేస్తే సరిపోతుంది.

పొలుసులు తీసి, తోలులోని కణాలను తొలగించి, గడ్డకట్టించి ఆరబెట్టి, క్రిమిరహితం చేస్తారు. మిగిలేది సన్నటి రంధ్రాల జాలకం. అందులో ఒమేగా-3 కొవ్వులు కూడా నిలిచి ఉంటాయి. దీన్ని ఫ్రిజ్‌లో పెట్టనక్కర్లేదు, గది వేడిలోనే ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది. వాడే ముందు తడిపి పుండు మీద పరిస్తే, రోగి కణాలు అందులోకి పాకి తమ సొంత కణజాలాన్ని అల్లుకుంటాయి. పంది, ఆవు సంబంధమైనవి ఒంటికి తగలడం ఇష్టపడని ముస్లింలు, యూదులు, హిందువులకు ఇందులో అభ్యంతరం తక్కువ. వైద్యంలో ఇది చిన్న విషయమేమీ కాదు.

అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2013లో అనుమతి ఇచ్చింది. అసలు పరీక్ష మాత్రం ముదిరిన షుగరు పుండ్ల మీద జరగాలి. యూరప్ ఆసుపత్రుల్లో 255 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2024లో వెలువడ్డాయి. 16 వారాలకు మామూలు చికిత్సతో 26 శాతం మందికి పుండు మానగా, చేప తోలు వాడినవారిలో 44 శాతం మందికి మానింది. సగానికి పైగా మందికి ఆ గడువులో మానలేదన్నదీ గుర్తుంచుకోవాలి. అయినా పాదం లోతుల్లోకి పాకిన పుండ్లలో ఈ తేడా చాలా విలువైనది.

బ్రెజిల్‌లో వైద్యులు కాలిన గాయాలకు తిలాపియా చేప తోలు వాడుతున్నారు. 2017లో కాలిఫోర్నియా కార్చిచ్చులో పాదాలు కాలిన ఎలుగుబంట్లకు పశువైద్యులు కట్టింది కూడా తిలాపియా తోలే. అయితే అది పైన కప్పి ఉంచే కట్టు, కింద గాయం మానేకొద్దీ ఊడిపోతుంది. కాడ్ తోలు గాయంలోనే కలిసిపోతుంది.

2023లో డెన్మార్క్‌కు చెందిన కోలోప్లాస్ట్ సంస్థ కెరేసిస్‌ను గరిష్ఠంగా 130 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పందం చేసుకుంది. 2,700 మంది ఊళ్లో మొదలైన కంపెనీకి ఇంత ధర పలకడం అబ్బురమే. అంతకంటే సంతోషపెట్టేది, తోలును శుద్ధి చేసే కర్మాగారం ఆ రేవు ఊళ్లోనే ఉండటం. పడవ దించిన చేప పక్కనే ఉంటుంది, చేపను కోయడం తెలిసిన చేతులూ అక్కడే ఉన్నాయి.

చేపల ఉత్పత్తిలో దేశంలో ముందున్న ఆంధ్రప్రదేశ్‌లోనూ బొచ్చె, శీలావతి తోలుతో ఇదే పని చేయొచ్చా అని ఎవరికైనా తోస్తుంది. కాడ్ లెక్క వాటికి నేరుగా వర్తించదు. అవి వెచ్చటి చెరువు నీళ్లలో పెరుగుతాయి గనుక, చల్లటి నీటి చేప విషయంలో చెప్పే రక్షణను వాటికి ముందే రాసిచ్చేయలేం. వాటి కొల్లాజెన్ కాడ్ కొల్లాజెన్ కంటే ఎక్కువ వేడిని తట్టుకోవడం మాత్రం అనుకూలమే. వాటి శుద్ధి పద్ధతిని, భద్రతను మొదటి నుంచీ విడిగా పరీక్షించుకోవాలి.