పెదవిలోని నీటిపొక్కు

కర్నూలు–కడప కాలువక్రింద పిల్లకాలువ గట్టు తెగినచో నీరు చేనిలో మడుగు కట్టుట రైతుసోదరు లెఱిగినదే. క్రిందిపెదవి లోపల నొప్పిలేక లేచు నీటిపొక్కును అట్టిదే. పంటిగాటువలన ఉమ్మినాళము తెగి, ఉమ్మి లోపలనే నిలుచును. ముల్లుతో పొడిచినచో అణగి, మరల ఉబ్బును, చీమును పట్టవచ్చును. మడుగు తోడినంతమాత్రాన ఊట ఆగునా? నీటికి దారి చూపవలెను. దంతవైద్యులు తిమ్మిరిమందు పూసి, పొక్కుగుండ పట్టుదారము దూర్చి ముడివేసి, సుమారు 7 మొదలు 10 దినములు ఉంచెదరు. దారము వెంట క్రొత్తతూము ఏర్పడి ఉమ్మి వెడలిపోవును, కోత యుండదు. చిన్నపొక్కులకు ఇది తగినది. అప్పటికిని మరల లేచినచో గ్రంథితోగూడ కోసి తీయవలసియుండును. కడపలోని ప్రభుత్వ దంతవైద్యకళాశాలలో చూపించుకొనవచ్చును.

పొగాకు నమలువారికి మేము ప్రత్యేకముగా చెప్పునదేమనగా: రెండువారములకును మానని పుండు, గట్టిగడ్డ, తెల్లమచ్చ ఇట్టి పొక్కులు కావు. వానిని ఆలస్యము చేయక వైద్యునకు చూపవలెను.