బిడ్డ మన మాటనే తిరిగి అంటుంటే

"నీళ్ళు కావాలా?" అని తల్లి అడుగుతుంది. నాలుగేళ్ళ బాబు "నీళ్ళు కావాలా?" అని అదే రాగంతో తిరిగి అంటాడు. మర్నాడు దాహమైనప్పుడు, ఎవరూ అడగకుండానే, వంటింట్లోకి వచ్చి మళ్ళీ "నీళ్ళు కావాలా?" అంటాడు. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, లేదా "చిలకలా అనకు" అని గద్దిస్తారు.

ఆటిజం ఉన్న పిల్లల్లో తరచుగా కనబడే లక్షణమిది. విన్నమాటను విన్నట్టే పలకడాన్ని ఎకోలాలియా అంటారు. 1943లో అమెరికాలో డాక్టర్ లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాసినప్పుడే దీన్ని గమనించారు. వారిలో ముగ్గురికి మాట రాలేదు. మాట వచ్చినవారిలోనూ 'నేను' అనాల్సినచోట 'నువ్వు' అనడం ఆయన చూశారు. తెలుగులో ఆ తేడా క్రియలోనే ఉంటుంది గనుక, "అన్నం తింటావా" అనే బిడ్డ చాలాసార్లు "తింటాను" అనే చెబుతున్నాడు.

ఇవి అర్థంలేని మాటలని, మాన్పించాలని చాలాకాలం వైద్యనిపుణులే అనుకున్నారు. 1981లో బారీ ప్రిజాంట్, ఆయన సహపరిశోధకురాలు పరిశీలించి, ఆ పలుకుల్లో అడగడం, ఔననడం, సంభాషణలో తన వంతు అందుకోవడం వంటివి ఉన్నాయని చూపారు. కాబట్టి గద్దించవద్దు. ప్రశ్నలు తగ్గించి, బిడ్డ అనాల్సిన మాటను బిడ్డ తరఫున మీరే అనండి. "నీళ్ళు కావాలి" అంటూ గ్లాసు అందించండి. ఒక్కరోజులో రాదు, ఇంటిల్లిపాదీ ఒకేలా అనాలి.

"ఒక్క నిమిషం ఆగు" అంటే కొందరు గడియారం చూస్తూ నిలబడతారు. సండేస్కూల్లో కంఠత వాక్యం తప్పులేకుండా చెప్పే బిడ్డ ఆకలి సంగతి చెప్పలేకపోవచ్చు. అది మొండితనం కాదు.

రెండేళ్ళ పిల్లలందరూ కొంత తిరిగి అంటారు, దానికే భయపడనక్కరలేదు. కాని 16 నెలలకు ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్ళకు సొంతంగా రెండు మాటలు కలపకపోయినా, వచ్చిన మాట పోయినా, "వాళ్ళ నాన్నకీ ఆలస్యంగానే వచ్చింది" అని ఆగకండి. ముందు వినికిడి పరీక్ష చేయించాలి. ఇంట్లో రెండు భాషలు మాట్లాడటం వల్ల ఆటిజం రాదు; ఆ భయంతో అమ్మమ్మ భాష మాన్పించకండి.

డాక్టరు దగ్గరికి వచ్చేటప్పుడు బిడ్డ అనే మాటలు, ఏ సమయంలో అంటాడో ఒక కాగితం మీద రాసి తెండి. మీకు అర్థంలేనివిగా తోచినవి కూడా రాయండి.